తెల్ల కనుమలో పట్టుకున్న తాడు

1వ రోజు. ఆమదాలవలస

మా నీలవేణి పెళ్లి చేసుకుంటోంది! నలభై మూడేళ్ల వయసులో, తనకు నచ్చినవాణ్ణి, తానే అడిగి మరీ చేసుకుంటోంది! ఈ దారిపుస్తకం మొదటి పేజీలో పేరు, వయసు, సైకిలు వివరాలు రాయాలని, పుస్తకం ఇచ్చిన ఆఫీసులో చెప్పారు. ఈ మాట రాయనిదే నా చెయ్యి కదలలేదు. కొట్టెయ్యమన్నా కొట్టెయ్యను.

పేరు సీపాన గవరయ్య. వయసు అరవై ఎనిమిది. చదువు ఏడో తరగతి. వృత్తి సైకిలు దుకాణం. సైకిలు నల్లది, ఇరవై రెండంగుళాలది, రాడ్డు బ్రేకులు, గేర్లు లేవు. వెళ్లవలసిన చోటు బర్మాలో ఐరావతి ఒడ్డున ఉన్న చివరి గేటు. నా కూతురి ఉద్యోగం ఆ గేటు దగ్గరే. పెళ్లి సరిగ్గా నలభై ఒకటో రోజున.

విమానాలు ఆగిపోయి ఇరవై మూడేళ్లయింది. విదేశం వెళ్లాలంటే సముద్రం మీద తెరచాప ఓడ ఉంది, నేల మీద సైకిలు తొక్కుకుంటూ పోయే చక్రాలదారి ఉంది. నీలవేణి ఓడలో రమ్మని ఫోనులో బతిమాలింది.

"అరవై అయిదు దాటినోళ్లకి ఓడలో చోటిస్తన్నారు నాన్నా. పన్నెండు రోజుల్లో వచ్చీగలవు. అందులో సిగ్గేటుంది?"

"మీ అప్పలస్వామి మావయ్యలాగ మూటలా కూకుని రమ్మంతావేటే? నాకు కాళ్లున్నాయి."

అప్పలస్వామి నా భార్య ఆదెమ్మకు అన్న. ఆదెమ్మ పోయినా మా రాకపోకలు పోలేదు. పోయినేడు అతను ఓడలో రంగూన్ వెళ్లొచ్చాడు. అప్పటినుంచి దుకాణం దగ్గర పదిమందిలో అతన్ని నేను మూట బావ అనే పిలుస్తున్నాను. ఈ పొద్దున నన్ను సాగనంపడానికి అతనూ వచ్చాడు. నీలవేణి ఎప్పుడో ఓడలో పంపిన గేరుచక్రం దుకాణంలో మేకుకి వేలాడుతుంటే, దాన్ని తీసి నా చేతిలో పెట్టాడు.

"తగిలించుకోరా గవరయ్యా. పెద్ద పెద్ద కొండలున్నాయంట."

"గేర్లు బద్ధకస్తులకి బావా. నీలాటి మూటలకి."

అందరూ నవ్వారు. చక్రాన్ని మళ్లీ మేకుకే తగిలించి బయలుదేరాను. వీధి చివరిదాకా చప్పట్లు! ఆదెమ్మ ఉండి చూసి ఉంటే!

9వ రోజు. ఒడిశా తీరం

సంతోషం అలాగే ఉంది. కూర్చునే చోటు మాత్రం అలా లేదు. సీటు మీద కూర్చోలేను, నేల మీద కూర్చోలేను. నిలబడి రాస్తున్నాను.

తొమ్మిది రోజులుగా గాలి ఎదురే. నా సామాను ఇది: పెళ్లిచీర ఒకటి, ఆవకాయ జాడీలు రెండు, అల్లుడి కాళ్లు కడగడానికి ఆదెమ్మ ఇత్తడి చెంబు, అయిదు కిలోల పనిముట్లు. దారిలో ఎవరికి సైకిలు చెడిపోయినా బాగుచేసి పుణ్యం కట్టుకుందామని ఆ పనిముట్లు తెచ్చాను. ఇవాళ హ్యాండిలుకి రెండు కోళ్లు వేలాడేసుకున్న ముసలామె ఒకావిడ నన్ను దాటి వెళ్లింది. దాటేటప్పుడు ఒక కోడి నావైపే చూసింది.

ఈ దారి మీద ఇళ్లవాళ్ల గురించి రాయాలి. సొంత కాళ్లతో వచ్చేవాళ్లను కాలి అతిథులు అంటారు. ఏ ఇంటి ముందు ఆగినా తిండి పెడతారు, పడకిస్తారు, ఏమీ పుచ్చుకోరు. పొద్దున్నే ఈ పుస్తకంలో వేలిముద్ర వేస్తారు, అంతే. చివరి గేటు దగ్గర పుస్తకాన్ని అందరి ముందూ పైకి చదువుతారు. ప్రతి ఇంటి పేరు వచ్చినప్పుడల్లా విన్నవాళ్లంతా ఆ పేరు పలుకుతారు. అన్నం పెట్టినవాళ్లకు దక్కేది ఆ ఒక్క పలుకు. చదివినవాళ్లు ఆఖర్న "ఈ పుస్తకం నిజం" అని ప్రమాణం చేసి ముద్ర వేస్తారు.

తెలుగులో రాసిన పుస్తకాలన్నీ అక్కడ చదివేది మా నీలవేణే!

పుస్తకం అట్ట మీద అచ్చువేసిన నియమం ఇది: "తొక్కవచ్చు, తోసుకుంటూ నడవవచ్చు, కూర్చుని ఏడవవచ్చు. లాగించుకోరాదు." ఏడవడం గురించి ఎందుకు రాశారా అని ఆమదాలవలసలో నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఇవాళ్టి ఇల్లు: సుభద్రా బెహరా. చద్దన్నం, ఉల్లిపాయ, కాల్చిన ఎండుచేప.

22వ రోజు. బంగ్లా నీటిపొలాలు

పదమూడో పంక్చరు. పంక్చరుదేముంది, అది నా విద్య. కానీ అయిదు రోజుల కిందట గట్టు మీంచి జారి ముందుచక్రం వంకరపోయింది. నా పనిముట్లన్నీ నేల మీద పరిచి రెండు గంటలు కూర్చున్నాను. ఊచ బిగిస్తే వంకర ఇటు, వదులుచేస్తే అటు. చేపలమ్మే రొహిమా అనే ఆవిడ తట్ట దించి, చేతులు చెంగుకి తుడుచుకుని, చక్రాన్ని మోకాలి మీద పెట్టుకుని పావుగంటలో సరిచేసింది.

ఊరుకుంటే పోయేది. నేను యాభై ఏళ్ల మెకానిక్కుని అని చెప్పాను. చొక్కాకి పెట్టుకున్న మాటబిళ్ల నా మాట వాళ్ల భాషలో వినిపించింది. ఆవిడ ఏదో అంది. బిళ్ల దాన్ని పుస్తకాల తెలుగులో గంభీరంగా చెప్పింది: "మరి ఇన్ని సంవత్సరములు మీ గ్రామస్థులు ఎట్లు ప్రయాణించిరి?"

చుట్టూ ఉన్నవాళ్లంతా పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

తర్వాత కడుపు చెడింది. నాలుగు రోజులు రొహిమా ఇంట్లోనే పడి ఉన్నాను. నా బట్టలు ఆవిడ ఉతికింది. ఎలాంటి బట్టలో ఇక్కడ రాయను. మా ఊళ్లో అయితే ఇలాంటి ఆవిణ్ణి గుమ్మం బయటే నిలబెట్టి చేపలు కొనేవాణ్ణి.

36వ రోజు. తెల్ల కనుమ కింద

పెళ్లికి ఇంకా అయిదు రోజులు. కనుమ మీద పదకొండు మలుపులు, ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. పైన ఒకే ఒక్క ఇల్లు, ఖిన్ అనే డెబ్భై తొమ్మిదేళ్ల ఆవిడది. కొండెక్కి వచ్చినవాళ్ల కోసం ఆవిడ గంట మోగిస్తుందట. నూనె రాసి కాళ్లు పడుతుందట.

నీలవేణి ఫోను చేసింది. డైనమో తిరిగినంతసేపే ఫోనుకి ప్రాణం కనుక, సైకిలు స్టాండు వేసి చేత్తో పెడలు తిప్పుతూ మాట్లాడాను.

"గేరుచక్రం వేసుకున్నావు కదా నాన్నా?"

"ఆఁ."

"పెళ్లినాడు పొద్దున నీ పుస్తకం నేనే చదువుతాను. నీ అల్లుడు నైంగ్ వాళ్లమ్మా వాళ్లూ అందరూ కూకుంటారు. పందొమ్మిదేళ్లలో నేను చదివిన పుస్తకాల్లో ఒక్క అబద్ధం లేదు నాన్నా. ఉంటే చదివేటప్పుడే తెలిసిపోతాది. ఈ ఏటి పుస్తకాలు మా నాన్న పుస్తకంతోనే పూర్తి చేస్తానని అందరికీ చెప్పీసినాను."

పెడలు తిప్పుతూ ఏడ్చాను. సంతోషంతోనే.

37వ రోజు. తెల్ల కనుమ పైన

తెల్ల కనుమ ఎక్కాను. పదకొండు మలుపులూ ఒక్క రోజులో. ఖిన్ గంట మోగించింది. ఇవాళ్టి ఇల్లు: ఖిన్.

39వ రోజు. చివరి గేటుకు ఒక రోజు దూరంలో

పైన 37వ రోజు కింద రాసింది అబద్ధం. కొట్టెయ్యకుండా అలాగే ఉంచుతున్నాను. జరిగింది ఇది.

రెండు మలుపులు తొక్కాను. తొక్కానంటే, మొదటిది తొక్కాను, రెండోది తోశాను. మూడో మలుపు రాయి దగ్గర సైకిలు పడేసి కూర్చున్నాను. కాళ్లు లేవలేదు. పొద్దెక్కింది. ఇలా అయితే పైకెక్కడానికే మూడు రోజులు, పెళ్లి అయిపోతుంది. అప్పుడు బియ్యం బస్తాలతో ఒక ఎండబండి మెల్లగా వచ్చింది. అందులో మనిషి ఎవరూ ఉండరు. ఎండ ఉన్నంతసేపు దానంతటదే నడుస్తుంది. బస్తాలకు కట్టిన తాడు కొస వెనక నేల మీద ఈడ్చుకుంటూ పోతోంది.

నేను ఆ తాడు పట్టుకున్నాను.

ఎనిమిది మలుపులు. పెడళ్ల మీద కాళ్లు ఊరికే పెట్టుకుని కూర్చున్నాను. సీటు నొప్పి కూడా తెలియలేదు. కింద లోయ, మబ్బులు, ఎంత బాగున్నాయో! ఆఖరి మలుపు రాయి దగ్గర తాడు వదిలి, నాలుగుసార్లు గట్టిగా తొక్కి, ఆయాసం తెచ్చుకుని ఖిన్ ఇంటి ముందు ఆగాను. ఆ ఆయాసం గురించే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది. తాడు పట్టుకున్నది నా కాళ్ల చేతకానితనం. ఆయాసం తెచ్చుకున్నది మాత్రం నేనే.

ఆవిడ గంట మోగించింది. పీట వేసింది. నాకన్నా పదకొండేళ్లు పెద్దది, నా ముందు నేల మీద కూర్చుని, నూనె రాసి నా పిక్కలు పట్టింది. పట్టి పట్టి, తలెత్తి చూసి అంది. బిళ్ల చెప్పింది:

"ఎంత దృఢమైన కాళ్లు! ఇంతటి కొండ ఎక్కియు వణకుట లేదు."

నేను ఏమన్నానో తెలుసా? "అలవాటు అప్పా" అన్నాను.

మా వైపు అక్కను అప్ప అంటాం. అంత ప్రేమగా పిలిచి అంత అబద్ధం చెప్పాను.

ఇవాళంతా దిగుడు దారి. తొక్కే పని లేదు, ఆలోచించడమే పని. ఈ సంగతి ఎవరికీ తెలియదు. బండిలో మనిషి లేడు. నీలవేణి పందొమ్మిదేళ్లుగా నిజం తప్ప చదవని నోటితో నా అబద్ధం చదివి, "ఈ పుస్తకం నిజం" అంటుంది. పెళ్లిచీర కట్టుకుని అంటుంది. చిన్నప్పుడు ఆ నోటికి అన్నం పెట్టింది నేను.

అందుకే ఇది రాశాను. ఓడలో వెళ్లొచ్చిన అప్పలస్వామి ఎవరినీ మోసం చెయ్యలేదు. ఓడలో వచ్చానని చెప్పాడు, వచ్చాడు. మూట అతను కాదు.

41వ రోజు. చివరి గేటు

నిన్న మధ్యాహ్నం చేరాను. నీలవేణి పరిగెత్తుకొచ్చి నన్నూ సైకిలునీ కలిపి కౌగిలించుకుంది. జుట్టు నెరిసింది నా తల్లికి! పుస్తకం అందుకుని, తెరవకుండా ఎర్రగుడ్డలో చుట్టింది. చదివేదాకా తెరవకూడదట.

"నీలమ్మా, ఈ పుస్తకం చదవొద్దే" అన్నాను.

అది నా మొహంలోకి చూసింది.

"చదవడం నా పని నాన్నా" అంది.

ఈ పొద్దున గేటు ముంగిట్లో నలభైమంది మాటబిళ్లలు పెట్టుకుని చాపల మీద కూర్చున్నారు. నైంగ్ వాళ్లమ్మ ముందువరసలో ఉంది. నైంగ్ వంతెనలు కట్టే మనిషి, తక్కువ మాట్లాడతాడు. నీలవేణి నిలబడి మొదలుపెట్టింది. "మా నీలవేణి పెళ్లి చేసుకుంటోంది!" తన పెళ్లి వార్త తానే అరిచి చదివేసరికి అందరూ గొల్లున నవ్వారు. తనూ సిగ్గుపడి నవ్వింది. అదొక్కటి చూశాను, చాలు.

సుభద్రా బెహరా అని చదివింది. నలభైమందీ సుభద్రా బెహరా అన్నారు. రొహిమా అంటే రొహిమా అన్నారు. కోడి దగ్గర నవ్వారు. గేరుచక్రం వేసుకున్నావా అంటే నేను ఆఁ అన్న చోట ఒక్క క్షణం ఆగి నావైపు చూసింది. మళ్లీ చదివింది. ఖిన్ పేరు వచ్చింది. అందరూ ఖిన్ అన్నారు. పేజీ తిప్పింది.

ముప్పై తొమ్మిదో రోజు మొదటి వాక్యం చదివాక దాని గొంతు మారలేదు. ఉద్యోగంలో ఎలా చదువుతుందో అలాగే చదివింది. తాడు దగ్గర మారలేదు. ఆయాసం దగ్గర మారలేదు. "చిన్నప్పుడు ఆ నోటికి అన్నం పెట్టింది నేను" అనే చోట ఆగింది. నీళ్లు తాగింది. మిగతాది చదివింది. నేను చాప అంచు ఊడబీకుతూ కూర్చున్నాను.

పుస్తకం మూసి ప్రమాణం చేసింది.

"ఈ పుస్తకం నిజం. దారి మాత్రం పూర్తి కాలేదు."

ముద్ర వెయ్యలేదు. ముద్ర పడనివాళ్లు కాలి అతిథుల గేటులోంచి లోపలికి రాకూడదు. సరుకులూ ఓడవాళ్లూ వచ్చే పక్కగేటుకు సైకిలు తోసుకుంటూ వెళ్లాను. అక్కడ నీలవేణి నాకన్నా ముందే వచ్చి నిలబడి ఉంది. మెడలోని అధికారి కండువా తీసేసింది.

"రా నాన్నా."

"మూటల గేటేనే ఇది."

"నా పెళ్లిచీరా మూటలోనే వచ్చింది కదా."

నేను అక్కడే కూర్చున్నాను. నియమంలో ఉన్నట్టే, కూర్చుని ఏడ్చాను. అది నా పక్కన కూర్చుని తిట్టింది. "ఓడలో రమ్మంటే వచ్చావా? గేరుచక్రం పంపితే మేకుకి తగిలించీసినావా? ఎంత పొగరు నాన్నా నీకు!" తిడుతూ నా భుజం వదల్లేదు.

పెళ్లి జరిగింది! మా కూతురి పెళ్లి జరిగింది! ఆదెమ్మ చెంబుతో నైంగ్ కాళ్లు కడిగాను. అరికాళ్లనిండా వంతెన సిమెంటు పగుళ్లు. కడుగుతుంటే ఖిన్ చేతులు గుర్తొచ్చి కాసేపు ఎక్కువే కడిగాను. నైంగ్ చక్కిలిగింతలు పెట్టినట్టు నవ్వేశాడు. వాళ్లమ్మ ఆవకాయ తిని కళ్లనీళ్లు పెట్టుకుంది. కారానికా, నా పుస్తకానికా అని అడిగితే బిళ్ల అంది: "రెండింటికిని."

తాడు పట్టుకున్న చోటి నుంచి మళ్లీ ఎక్కి వస్తే ముద్ర వేస్తారు. గడువు లేదు. పుస్తకం నాకే తిరిగి ఇచ్చారు. సగం ఖాళీగా ఉంది.

43వ రోజు. చివరి గేటు

నైంగ్ తన సైకిలు గేరుచక్రం ఊడదీసి నా సైకిలుకి బిగించాడు. నేను పక్కన కూర్చుని చూశాను. ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. ఇవ్వబోయి రెండుసార్లు నోరు మూసుకున్నాను. పనిముట్లు అతనికే ఇచ్చేశాను.

47వ రోజు. మూడో మలుపు

కిందికి దిగాలంటే ఖిన్ ఇంటి ముందు నుంచే దిగాలి. తలుపు వేసి ఉంది. హమ్మయ్య అనుకున్నాను. హమ్మయ్య అనుకున్నందుకు పదకొండో మలుపు నుంచి ఏడో మలుపు దాకా నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇంకా కిందికి దిగి మొదటి మలుపు నుంచి మొత్తం ఎక్కుదామనుకున్నాను. అది కూడా గొప్పకే అని తోచింది. మూడో మలుపు రాయి దగ్గరే సైకిలు తిప్పాను. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

49వ రోజు. తెల్ల కనుమ పైన

రెండు రోజులు పట్టింది. గేరు వేస్తే సైకిలు పాకుతుంది, కానీ పాకుతూనే ఉంటుంది! ఎక్కువ తోశాను, కొంత తొక్కాను, ఆరో మలుపులోనూ తొమ్మిదో మలుపులోనూ కూర్చున్నాను. ఎండబండ్లు నాలుగు దాటిపోయాయి. ఒకదానికి తాడు కూడా వేలాడుతోంది. చేతులు జేబులో పెట్టుకుని అది పోయేదాకా నిలబడ్డాను.

ఖిన్ అప్ప గుమ్మంలోనే ఉంది. గంట మోగించలేదు. పీట వేసింది. నేను కూర్చోలేదు, పడ్డాను. ఆవిడ నా పిక్క మీద చెయ్యి వేసింది. లోపల పిట్ట ఉన్నట్టు కొట్టుకుంటోంది.

"ఇప్పుడు వణకుచున్నవి" అంది బిళ్ల.

"ఆ రోజు వణకలేదు అప్పా."

"అవును. ఆ రోజు వణకలేదు."

"నీకు తెలుసా?"

"ఇరవై సంవత్సరములుగా ఈ కొండ ఎక్కినవారి కాళ్లు పట్టుచున్నాను. తెలియదా?"

"మరి ఎందుకు పట్టావు? వణకడం లేదని ఎందుకు మెచ్చుకున్నావు?"

ఆవిడ నూనెగిన్నె దగ్గరికి జరుపుకుంది.

"నీవే చెప్పుదువేమో అని అన్నాను. చెప్పలేదు. అయినను అలసిపోయి ఉంటివి. ఎచ్చట అలసితివో నేను అడుగను. గంట మాత్రము నేను మోగించకుండవలసినది. ఆ తప్పు నాది."

ఆవిడ కాళ్లు నేను పడతానన్నాను. గబుక్కున లాగేసుకుని పళ్లు లేని నోటితో నవ్వింది. "నేను ఏ కొండ ఎక్కితిని?" తర్వాత కర్ర పట్టుకుని లేచి వెళ్లి, గంట ఒకసారి మోగించింది. కొంచెం ఆగి ఇంకోసారి మోగించింది. రెండోది ఎందుకని అడిగితే, మొదటిది నీకు, రెండోది నాకు అంది.

ఇవాళ్టి ఇల్లు: ఖిన్ అప్ప. గంజి, అల్లం, బెల్లం.

నీలమ్మా, మూడు రోజుల్లో వచ్చి ఈ పేజీ నీ చేత చదివిస్తాను. చదివాక ఫోను చేసి ఈ కింద రాసినవాళ్లందరికీ చెప్పు. నీ పెళ్లి జరిగిందని ముందు చెప్పు, గట్టిగా చెప్పు. తర్వాత తాడు సంగతి చెప్పు, అదీ అంతే గట్టిగా చెప్పు.

పొందూరు మీ పెద్దత్తకు. ఆవిడకి చెవుడు, రెండుసార్లు చెప్పాలి.

టెక్కలి చిన్నాన్నకు. నా కాళ్ల గురించి నేను చెప్పిన గొప్పలు ఆయన ఊరంతా చెప్పి ఉంటాడు. పాపం, ఇప్పుడు ఇదీ చెప్పమను.

రాజాంలో మీ అమ్మ చెల్లెలు పార్వతమ్మకు. చీర రంగు బాగుందని చెప్పు, ఎంచింది తనే.

దుకాణం పక్క టీకొట్టు సన్యాసమ్మకు. చుట్టం కాకపోయినా నేను బయలుదేరిన రోజు చప్పట్లు మొదలుపెట్టింది ఆవిడే.

సుభద్రా బెహరాకు, రొహిమాకు. వీళ్లను ఇప్పుడు చుట్టాల్లోనే రాస్తున్నాను.

ఆఖర్న అప్పలస్వామి మావయ్యకు. గేరుచక్రం ఆ మేకు మీదే ఉంచమను, రోజూ నాకు కనపడాలి. తిరుగు ప్రయాణం ఓడలో అని చెప్పు. రేవుకి బండి తీసుకుని రమ్మను. మూట వస్తోంది, దించుకోవాలని చెప్పు.